ఫోన్‌లో దొరకని డాక్టరు

ఉదయగిరి నుంచి నెల్లూరుకు దాదాపు 100 కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచైతే 50 దాటుతుంది. సీతారామపురం, వరికుంటపాడు, మర్రిపాడు మండలాల్లో కొండవారగా ఉన్న ఊళ్ల వాళ్లకు ఆ ప్రయాణం ఇంకా కష్టం. స్పెషలిస్టుకు చూపించుకోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, తోడొచ్చిన మనిషి కూలీ పోతుంది. బస్సు చార్జీలు, స్కానింగులు, మందులు సరేసరి. అందుకే మెట్ట ప్రాంతంలో జబ్బు చేసిన మనిషి బయల్దేరేముందు నలుగురినీ అడుగుతాడు. ఒకప్పుడు ఆ నలుగురూ ఊళ్లో ఆర్‌ఎంపీ, మందుల షాపతను, నెల్లూరులో ఆపరేషన్ చేయించుకొచ్చిన చుట్టం, బస్సులో పక్క సీటు మనిషి. ఇప్పుడు వీళ్లందరికంటే ముందు ఫోన్ ఉంది. ఇంటర్ చదివే పిల్లకాయలు అవ్వాతాతల కోసం యూట్యూబ్‌లో వెతికిపెడతారు. మోకాళ్ల నొప్పులని అడిగితే చాలు, లెక్కలేనన్ని వీడియోలు వరస కడతాయి. నూనెలు అమ్మేవాళ్లు, ఆకులు నూరేవాళ్లు, ఎక్కడో మహానగరంలోని కార్పొరేట్ ఆసుపత్రి వాళ్లు అందరూ ఆ వరసలో ఉంటారు. ఆత్మకూరు బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో ఇరవై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్న డాక్టరు మాత్రం తరచూ కనిపించడు.

డాక్టరు సోషల్ మీడియాలో ఉండాలా అన్న ప్రశ్న మీద వైద్యుల్లో రెండు వాదనలు వినిపిస్తాయి. చేతివాసి ఉన్నవాడికి ప్రచారం అక్కర్లేదని, అక్కడ జరిగేదంతా వ్యాపారమని పాతతరం అంటుంది. రీల్స్ లేకపోతే ఓపీ పెరగదని కొత్తతరంలో కొందరు, వాళ్ల వెంటపడే మార్కెటింగ్ ఏజెన్సీలు అంటాయి. రెండూ డాక్టరు కుర్చీలోంచి చూసిన చూపులే. రోగి కూర్చున్న బల్ల మీద నుంచి చూస్తే విషయం వేరు. ఆ మనిషి ఆసుపత్రికి వచ్చేలోపు ఎవరెవరి మాటలో వింటున్నాడు, కొన్నిసార్లు ఆ మాటల దగ్గరే ఆగిపోతున్నాడు. ఆ మాటల మధ్య చదువుకున్న వైద్యుడి మాట కూడా, తెలిసిన యాసలో, తెలిసిన పేరుతో వినపడాలి. చిన్న ఊరి డాక్టరుకు సోషల్ మీడియా అవసరం అక్కడ మొదలవుతుంది. ఫాలోయర్ల లెక్క ఆ తర్వాతి సంగతి, అసలు లేకపోయినా నష్టం లేని సంగతి.

ఈ విషయం ఎంత పెద్దదో నెల్లూరు జిల్లాకు 2021 మే నెల చూపించింది. కరోనా రెండో అల రోజులవి. పడకలు దొరకడం లేదు, ఆక్సిజన్ కోసం జనం పరుగులు పెడుతున్నారు. ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య అనే నాటువైద్యుడు ఉచితంగా ఇస్తున్న మందు గురించి వీడియోలు వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో ఊరూరా తిరిగాయి. అందరినీ కదిలించింది ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు వీడియో. ప్రాణం పోతున్న స్థితిలో వచ్చానని, కంట్లో చుక్కలు వేయగానే కోలుకున్నానని ఆయన చెప్పాడు. మే 21న వేలమంది ఆ ఊరి మీదికి వచ్చేశారు. పంపిణీ ఆపించాల్సి వచ్చింది. ఆయుష్ అధికారులు, కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి మందును పరిశీలించారు. నెలాఖరులో రాష్ట్ర ప్రభుత్వం ఆనందయ్య మందుల్లో కొన్నింటికి అడ్డు చెప్పలేదు కానీ, కరోనా తగ్గుతుందనడానికి రుజువు లేదని చెప్పి, కంటి చుక్కలను పక్కన పెట్టింది. ఆ వీడియోలోని హెడ్మాస్టరు అదే నెలాఖరులో నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలో కన్నుమూశాడు. మొదటి వీడియో చూసినవాళ్లలో ఎంతోమందికి ఆ రెండో కబురు చేరనే లేదు.

ఆనందయ్య ఎవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. క్యూలో నిలబడ్డవాళ్లను తెలివితక్కువవాళ్లనడం అన్యాయం. తల్లికి ఊపిరాడనప్పుడు ఏ కొడుకైనా అదే చేస్తాడు. ఆలోచించాల్సింది ఆ వీడియోల పక్కన ఇంకేం ఉందని. ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఇంట్లో ఉండకూడదని, బోర్లా పడుకుంటే ఎందుకు తేలికవుతుందని, స్టెరాయిడ్ మాత్రలు తొలిరోజుల్లోనే వేసుకుంటే ఏం జరుగుతుందని తమ డాక్టరు చెప్పగా విన్న మెట్ట గ్రామాలు ఎన్ని? ఆ రోజుల్లో డాక్టర్లకు వార్డుల్లో నీళ్లు తాగే తీరిక లేదు, వీడియోలు ఎవరు చేస్తారన్న జవాబు నిజమే. కానీ ఆ జవాబులోనే అసలు సంగతి ఉంది. విపత్తు వచ్చాక ఖాతా తెరిచి మాట్లాడితే వినేవాళ్లుండరు. మామూలు రోజుల్లో జలుబు గురించి, బీపీ మాత్ర గురించి విని అలవాటైన గొంతునే జనం గండం రోజున నమ్ముతారు.

కృష్ణపట్నం ఒక్కటే కాదు. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ చెప్పిన కొబ్బరినూనె ద్రవాహారం తెలుగునాట ఊరూరా సభలతో, వీడియోలతో పాకింది. మధుమేహం మందులు లేకుండానే అదుపులోకి వస్తుందన్న మాట లక్షల ఇళ్లలో వినపడింది. వైద్యులు టీవీ చర్చలకొచ్చి అభ్యంతరాలు చెప్పారు. అప్పటికే జనం ఆ పద్ధతి మొదలుపెట్టేశారు. పైగా ఎవరో చెప్పినదాన్ని కాదనే మనిషిగా డాక్టరు మొదటిసారి తెర మీద కనపడితే, ఎంత సరైన మాటయినా కక్షలా వినపడుతుంది.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ కూడా ఈ మెట్టలోనే ఉంది. అది వైద్యానికి సంబంధించింది కాదు, ఇంటర్నెట్‌కు ఎంతో ముందుది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు రాత్రిబడి వాచకంలో ఒక పాఠం ఉండేది. ఆడవాళ్లు ఏకమై తమ ఊళ్లో సారా మానిపించిన కథ అది. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చదివిన ఆడవాళ్లు, రోశమ్మ లాంటివాళ్లు ముందు నడవగా, తమ ఊళ్లోనూ సారా దుకాణం మూయించారు. పత్రికలు ఆ కబురును జిల్లా దాటించాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ పాఠానికి అంత బలం ఎక్కడిది? చదివేవాళ్ల బతుకులోని విషయాన్ని, వాళ్ల మాటల్లో, వాళ్లు పదిమందీ కూర్చునే చోటికి తీసుకెళ్లింది. ఇప్పుడు జనం కూర్చునే చోటు వాట్సాప్ గ్రూపు. అక్కడికి వెళ్లడం చిన్నతనమని అనుకునే డాక్టరు ఒకసారి దూబగుంట రాత్రిబడిని తలుచుకోవాలి.

తెలుగు వైద్యులకు ఈ పని కొత్తదీ కాదు. విజయవాడకు చెందిన డాక్టర్ జి. సమరం దశాబ్దాల పాటు పత్రికల్లో ప్రశ్నలకు జవాబులు రాశారు. తల్లిదండ్రుల ముందు, భార్యాభర్తల మధ్య కూడా పలకని విషయాలను మర్యాదైన తెలుగులో విడమరిచారు. ఉత్తరం రాసిన మనిషి పేరు బయటపడేది కాదు, జవాబు మాత్రం ఊరందరికీ ఉపయోగపడేది. నెల్లూరులో పుచ్చలపల్లి సుందరయ్య తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నడిపిన ప్రజావైద్యశాల ఇంకో దారి చూపింది. అక్కడ పనిచేసి శిక్షణ పొందినవాళ్లు పల్లెలకు వెళ్లి, ఏ జబ్బుకు ఎంతవరకు తాము చూడాలో, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో తెలిసి మసలుకున్నారు. ఆ వైద్యశాల పేరు అలా మనుషుల ద్వారా జిల్లా అంతా పాకింది.

మరి చట్టం ఏమంటుంది? ప్రచారం చేసుకుంటే మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రద్దు చేస్తుందన్న భయం చాలామందిలో ఉంది. అది సగమే నిజం. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి నియమావళి ప్రకారం రోగులను రాబట్టుకునే ప్రకటనలు తప్పే. క్లినిక్ బోర్డు మీద తన ఫొటో వేసుకోవడం కూడా అందులో తప్పుగానే ఉంది. కూడళ్లలో ఫ్లెక్సీలు చూసినవాళ్లకు ఈ మాట ఆశ్చర్యం కలిగించవచ్చు. కానీ అదే నియమావళి ప్రజారోగ్యం, పరిశుభ్రమైన జీవనం గురించి వైద్యుడు తన పేరుతో పత్రికల్లో రాయవచ్చని, సభల్లో, రేడియోలో, టీవీలో, ఇంటర్నెట్‌లో మాట్లాడవచ్చని స్పష్టంగా ఒప్పుకుంది. ప్రాక్టీసు మొదలుపెట్టినా, చిరునామా మారినా, కొన్నాళ్లు సెలవులో ఉండి తిరిగొచ్చినా ఆ సంగతి ప్రకటించుకోవచ్చు. అంటే ‘డెంగీ జ్వరంలో ఏ లక్షణం కనపడితే ఆగకూడదు’ అన్న వీడియోకు అడ్డు లేదు. ‘మా దగ్గరికొస్తే డెంగీ ఖాయంగా తగ్గుతుంది’ అన్న వీడియోకు ఉంది. మధుమేహం లాంటి కొన్ని జబ్బులను నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించే చట్టం 1954 నుంచే ఉంది.

2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమావళి ప్రకటించింది. సోషల్ మీడియాకు అందులో ప్రత్యేకంగా చోటిచ్చింది. లైకులు, ఫాలోయర్లను కొనకూడదు, రోగుల ఫొటోలు, స్కాన్లు పెట్టకూడదు, రోగుల చేత పొగిడించి ఆ వీడియోలు పంచకూడదు, అందరూ చూసేచోట ఒక రోగికి చికిత్స చెప్పకూడదు అన్నది. అయితే జెనరిక్ మందుల నిబంధన మీద వైద్య సంఘాలు గట్టిగా వ్యతిరేకించడంతో అదే నెలలో ఆ నియమావళినంతా నిలిపివేశారు. దాంతో పాత నియమాలే మళ్లీ అమల్లోకి వచ్చాయి. ఆగిపోయిన ఆ నియమాల్లో సోషల్ మీడియా భాగం మాత్రం చాలావరకు మంచిదే. చట్టం బలవంతం చేయకపోయినా ఆత్మగౌరవమున్న వైద్యుడు దాన్ని తనంతట తానే పాటించవచ్చు.

ఈ దారిలో నడిచి ఫలితం సాధించిన తెలుగు వైద్యురాలి కథ ఈమధ్యదే. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ల పాటు ఒకే విషయం మీద పట్టుబట్టారు. వాంతులు, విరేచనాలైన పిల్లలకు తల్లిదండ్రులు మందుల షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే, పేరులో ఆ మూడక్షరాలున్న తీపి పానీయాలు చేతికొస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, వాటితోపాటు పొటాషియం, సిట్రేట్ లవణాలు లెక్కగా ఉండాలి. చక్కెర ఎక్కువైన పానీయం పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ఆమె అధికారులకు రాశారు, తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022 ఏప్రిల్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని చెప్పి, జులైలో షరతులతో మళ్లీ వదిలేసింది. ఆమె ఆపలేదు. ప్యాకెట్ చేతిలో పట్టుకుని తల్లులకు అర్థమయ్యేలా వీడియోలు చేస్తూనే ఉన్నారు. 2025 అక్టోబర్ 14న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ సడలింపులను వెనక్కి తీసుకుంది. ఆ రోజు కన్నీళ్లతో ఆమె పెట్టిన వీడియో దేశమంతా చూసింది.

అందులో గమనించాల్సింది ఆమె ఎంచుకున్న తీరు. తన క్లినిక్‌కు రమ్మని కాదు, ప్యాకెట్ వెనక రాసింది చదవమని అడిగారు. ఒక్క విషయాన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. ఆమె వీడియో చూసిన తల్లి ఉదయగిరిలో ఉన్నా సరే, షాపులో ఏం అడగాలో తెలిసింది. ఒక డాక్టరు ఓపీ గదిలో రోజంతా కూర్చున్నా అంతమందికి ఆ మాట చెప్పగలరా?

ఉదయగిరి, ఆత్మకూరు డాక్టర్లకు అలాంటి విషయాలు వెతుక్కోవాల్సిన పని లేదు, చుట్టూ ఉన్నాయి. మొదటిది నీళ్లు. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి తొలిసారి శాస్త్రీయంగా రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాలను చూసి. షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో ఆ వ్యాసం ప్రచురించారు. అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతాలు ఆ తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి. ఉదయగిరి వైపు మెట్ట మండలాల్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య మాత్రం ఇక్కడే ఉండిపోయింది. తాగేనీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ నీటిని మరగబెడితే మంచిదవుతుందని చాలా ఇళ్లలో నమ్మకం. మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం పోదు. నీరు ఆవిరైపోయిన కొద్దీ మిగిలిన నీటిలో అది ఇంకా చిక్కబడుతుంది. ఈ ఒక్క ముక్క, బోరు పక్కన నిలబడి, ఊరి డాక్టరు రెండు నిమిషాలు చెబితే ఎన్ని వంటిళ్లకు చేరుతుందో ఊహించవచ్చు. మోకాళ్లు వంగని ముసలివాళ్లు, పళ్ల మీద గార మరకలున్న పిల్లకాయలు ఆ వీడియోలో తమనే చూసుకుంటారు.

రెండోది పాముకాటు. పొలాల్లో, వెలికొండల వార పశువుల వెంట తిరిగేవాళ్లకు అది ప్రతి వానాకాలం గండమే. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలని కేంద్రం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. కాటు పడ్డచోట కోయకూడదు, గుడ్డతో బిగించి కట్టకూడదు, మంత్రం కోసం గంటలు పోగొట్టకూడదు, కాలు కదలకుండా ఉంచి విషం విరుగుడు ఇంజక్షన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. ఏ ఆసుపత్రికి? ఆ సమాధానం ఢిల్లీలో తయారైన పోస్టరులో ఉండదు. ఉదయగిరి సామాజిక ఆరోగ్య కేంద్రంలోనో, ఆత్మకూరు ప్రభుత్వాసుపత్రిలోనో పనిచేసే వైద్యుడే చెప్పాలి. స్థానిక డాక్టరు మాటకు విలువ ఇక్కడే తెలుస్తుంది.

మూడోది మనసు జబ్బు. అనుమసముద్రంపేట దర్గాకు మనసు బాగాలేని వాళ్లను దూరాల నుంచి తీసుకొస్తారు. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేసే డాక్టరు మాట ఆ కుటుంబాలు వినవు, వినాల్సిన అవసరమూ లేదు. దర్గాకు రండి, మొక్కు తీర్చుకోండి, కానీ మాత్ర మాత్రం ఆపకండి అని మెత్తగా చెప్పే మానసిక వైద్యుడు కావాలి. అలాంటి మాట ఉర్దూలోనూ తెలుగులోనూ ఫోన్లో దొరికితే ఎంత మేలు జరుగుతుందో ఆ కుటుంబాలకే తెలుస్తుంది.

ఇక పేరు కాపాడుకోవడం గురించి. ఖాతా తెరవని డాక్టరుకు ఇంటర్నెట్‌తో సంబంధం లేదనుకోవడం పొరపాటు. ఆయన చేర్చకపోయినా గూగుల్ మ్యాప్‌లో క్లినిక్ ఉండవచ్చు, ఎవరో పాత ఫోన్ నంబరుతో, తప్పు వేళలతో పెట్టి ఉండవచ్చు. కింద ఒక నక్షత్రంతో కోపంగా రాసిన అభిప్రాయం ఉండవచ్చు. వరికుంటపాడు నుంచి రాత్రివేళ గర్భిణితో బయల్దేరిన కుటుంబం ఆ తప్పు వేళలు చూసి వెనక్కి తిరిగితే నష్టం ఎవరికి? ఆ పేజీని తనదిగా ధ్రువీకరించుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. పేరు, చదువు, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, ఏయే రోజుల్లో ఉంటారు, ఏ కేసులు చూడరు, అత్యవసరమైతే ఎక్కడికి వెళ్లాలి అన్నవి రాస్తే సగం పని పూర్తయినట్టే. రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో, మందుల చీటీ మీద చూపాలన్నది ఎప్పటినుంచో ఉన్న నియమం. ఎవరుపడితే వాళ్లు డాక్టరునని చెప్పుకునే తెర మీద దాని అవసరం మరీ ఎక్కువ.

చెడుగా రాసినవాళ్లకు జవాబివ్వడంలో చాలామంది జారిపోతారు. ‘మీ నాన్న తాగుడు మానలేదు, అందుకే కాలేయం దెబ్బతింది’ అని కోపంలో రాసిన ఒక్క వాక్యం రోగి గుట్టును ఊరంతటికీ చెప్పేస్తుంది. ఆ వాక్యం నిజమైనా తప్పే. ‘మీ బాధ అర్థమైంది, ఆసుపత్రికి వచ్చి మాట్లాడండి’ అన్నదానికి మించి అక్కడ రాయకూడదు.

గుట్టు విషయంలో చిన్న ఊరికి పెద్ద నగరానికి లేని చిక్కు ఉంది. హైదరాబాద్ డాక్టరు ‘నిన్న 40 ఏళ్ల రైతును పాముకాటు నుంచి కాపాడాం’ అని రాస్తే ఆ రైతు ఎవరో ఎవరికీ తెలియదు. ఆత్మకూరు డాక్టరు అదే రాస్తే ఏ ఊరు, ఎవరి కొడుకు, ఎవరి పొలం అన్నది సాయంత్రానికల్లా టీ కొట్టు దగ్గర తేలిపోతుంది. పేరు రాయలేదు, మొహం మసకబార్చాం అన్న జాగ్రత్తలు ఇక్కడ చాలవు. పాముకాటుకైతే పరవాలేదనుకున్నా, గర్భస్రావం, హెచ్‌ఐవీ, పురుగుమందు తాగిన అమ్మాయి కేసుల్లో ఆ పోస్టు ఒక బతుకును కూల్చగలదు. కాబట్టి మెట్ట ప్రాంత డాక్టరు రోగుల కథలు పెట్టకపోవడమే మేలు. అనుమతి తీసుకున్నా సరే. ప్రాణం కాపాడిన డాక్టరు ఎదురుగా కూర్చుని వీడియో తీసుకుంటానంటే వద్దనగలిగే రోగి ఎక్కడుంటాడు? జబ్బు గురించి చెప్పాలి, మనిషి గురించి కాదు.

వాట్సాప్ కూడా ఇందులో భాగమే. గల్ఫ్‌లో ఉన్న కొడుకు తల్లి రిపోర్టులు ఫొటో తీయించి డాక్టరుకు పంపడం ఈ ప్రాంతంలో కొత్తేమీ కాదు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వాట్సాప్ సంప్రదింపులను ఒప్పుకున్నాయి. అయితే డాక్టరెవరో రోగికి, రోగి ఎవరో డాక్టరుకు స్పష్టంగా తెలియాలి, జరిగినదానికి రికార్డు ఉండాలి. సొంత నంబరు, ఆసుపత్రి నంబరు వేరుగా పెట్టుకోని డాక్టరు ఈ రెండింటినీ పాటించలేడు, రాత్రి నిద్రా పోలేడు.

నకిలీల బెడద రోజురోజుకీ పెరుగుతోంది. దేవీ శెట్టి, నరేశ్ త్రెహాన్ లాంటి ప్రముఖ వైద్యుల మొహం, గొంతు దొంగిలించి తయారుచేసిన వీడియోల మీద వివాదాలు ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లాయి. అంత పేరున్నవాళ్లకు లాయర్లున్నారు. ఉదయగిరి డాక్టరు మొహంతో ఎవరైనా నూనె అమ్మితే? అప్పుడు ఆయన్ను కాపాడేది అంతకుముందు నుంచి నడుస్తున్న సొంత పేజీ ఒక్కటే. ‘నేను ఏ మందూ అమ్మను, నా మాటలన్నీ ఇక్కడే ఉంటాయి’ అని చెప్పడానికి ఒక చోటుండాలి, అది జనానికి ముందే తెలిసుండాలి. ఆ పేజీ పాస్‌వర్డు ఏజెన్సీ కుర్రాడి దగ్గర వదిలేసి, అతను ఉద్యోగం మారాక ఖాతా పోగొట్టుకునే పరిస్థితి రాకూడదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవడం, పాస్‌వర్డు తన దగ్గరే ఉంచుకోవడం ఇంటికి తాళం వేసుకోవడం లాంటిది.

నోరు విప్పినందుకు నష్టపోయిన వైద్యులున్నారు, ఆ సంగతి దాచిపెట్టి సలహాలివ్వడం నిజాయితీ కాదు. 2020 ఏప్రిల్‌లో నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తువైద్యుడు డాక్టర్ సుధాకర్ మాస్కులు లేవని మాట్లాడిన వీడియో బయటికొచ్చింది. ఆయన్ను సస్పెండ్ చేశారు. మే నెలలో విశాఖపట్నం రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టేసిన దృశ్యాలు దేశమంతా తిరిగాయి. హైకోర్టు ఆ విషయాన్ని సీబీఐకి అప్పగించింది. 2021 మే 21న, కృష్ణపట్నానికి జనం పోటెత్తిన రోజునే, ఆయన గుండెపోటుతో చనిపోయారు. చైనాలోని వుహాన్‌లో కంటి డాక్టరు లీ వెన్‌లియాంగ్ 2019 డిసెంబర్ చివర కొత్త జబ్బు గురించి తోటి వైద్యులను హెచ్చరించినందుకు పోలీసుల మందలింపు పడ్డాడు, ఆ తర్వాత ఆ జబ్బుతోనే పోయాడు. కేరళ కాలేయ వైద్యుడు సిరియాక్ అబీ ఫిలిప్స్ మూలికా ఉత్పత్తుల మీద రాసినందుకు ఒక కంపెనీ బెంగళూరు కోర్టుకెక్కింది. 2023 సెప్టెంబర్‌లో ఆయన ఎక్స్ ఖాతా మూతపడింది, మరుసటి నెల కర్ణాటక హైకోర్టు షరతుతో తెరిపించింది.

ఇవన్నీ చూసి ప్రభుత్వ డాక్టరు జంకడంలో తప్పులేదు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు ఆయన్ను కట్టేస్తాయి, ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించే వీలు లేదు. కానీ ఆరోగ్యం గురించి చెప్పడం వేరు, పాలన మీద వ్యాఖ్యానించడం వేరు. మొదటిదానికి జిల్లా అధికారుల లిఖితపూర్వక అనుమతి తీసుకుని, ఆసుపత్రి పేరుతోనే పేజీ నడిపితే డాక్టరు బదిలీ అయినా పేజీ ఊరికి మిగులుతుంది. మందుల కొరత లాంటి సంగతులకు కాగితం, సంఘం ఉన్నాయి. ఒంటరిగా కెమెరా ముందు నిలబడ్డ డాక్టరుకు ఏమవుతుందో తెలుగు సమాజం కళ్లారా చూసింది. ఆ భయం పోగొట్టాల్సిన బాధ్యత డాక్టరు మీద కంటే ప్రభుత్వం మీదే ఎక్కువ ఉంది.

మహిళా డాక్టర్ల ఇబ్బంది ఇంకో రకం. అమెరికాలో రక్తనాళాల శస్త్రవైద్యం పత్రికలో వచ్చి 2020లో వివాదమైన ఒక వ్యాసం యువ సర్జన్ల సోషల్ మీడియా ఖాతాలను పరిశీలించి, ఈత దుస్తుల ఫొటోలను కూడా వృత్తికి తగనివిగా లెక్కేసింది. ప్రపంచవ్యాప్తంగా డాక్టరమ్మలు తమ ఫొటోలతోనే నిరసన తెలిపారు, పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. చిన్న పట్టణంలో గైనకాలజిస్టు వీడియో పెడితే కింద వచ్చే వెకిలి వ్యాఖ్యలకు అంత దూరం పోనక్కర్లేదు. సొంత ఖాతా, వృత్తి ఖాతా విడివిడిగా ఉంచుకోవచ్చు, వ్యాఖ్యలు మూసేయవచ్చు, మొహం చూపకుండా గొంతుతో, బొమ్మలతో చెప్పవచ్చు. కాన్పుల గురించి, ముట్టు సమస్యల గురించి వాళ్లు మాట్లాడకపోతే ఆ చోటు ఎవరెవరో నింపేస్తారు.

సమయం ఎక్కడిదన్న ప్రశ్న మిగిలింది. ఉదయం ఓపీ, మధ్యాహ్నం ఆపరేషన్లు, రాత్రి కాన్పులు చూసే డాక్టరును రోజుకో రీల్ చేయమనడం క్రూరత్వం. అవసరం కూడా లేదు. ఏడాదికి పది మంచి మాటలు చాలు. భారత వైద్య సంఘం (ఐఎంఏ) శాఖలు ఆ పనిని పంచుకోవచ్చు, ఒకరు ఎముకల గురించి, ఒకరు పిల్లల గురించి, ఇంకొకరు షుగరు గురించి. ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్ ఏది చెప్పవచ్చో, ఏది చెప్పకూడదో తెలుగులో రెండు పేజీల సూచనలిస్తే సగం భయం పోతుంది. ఆశా కార్యకర్తల వాట్సాప్ గ్రూపులున్నాయి కాబట్టి వీడియో పల్లెకు చేరడం కష్టం కాదు. తయారుచేసేటప్పుడు మాత్రం యాస వదలకూడదు, ఇంగ్లిష్ మాత్రల పేర్ల వెనక దాక్కోకూడదు. ఆత్మకూరు, ఉదయగిరి డాక్టర్లు నలుగురైదుగురు కలిసి ఎండాకాలానికి ముందు వడదెబ్బ మీద, వానలకు ముందు పాముకాటు మీద, ఆపైన బోరు నీళ్ల మీద, బీపీ మాత్ర ఎందుకు ఆపకూడదన్నదాని మీద మాట్లాడితే, మొదటి ఏడాదికి ఆ పనే సరిపోతుంది.